అవ్వ కాడ ఉంటాది

నేను చేసిన పనికి సరైన పేరు లేదు. ఆదోనిలో మా వీధిలో ఎవరినైనా "మాబున్ని ఏం పని చేస్తుంది?" అని అడిగితే, "ఎవరికో కాగితాలు రాస్తుంది, వాళ్ళు డబ్బులు పంపిస్తారు" అని చెప్పేవాళ్ళు. వినడానికి నేనేదో బెదిరింపు ఉత్తరాలు రాసి బతుకుతున్నట్టు ఉండేది. మా ఆయనది ఇంకా సులువు. "ఇంగ్లీషులో అడుక్కుంటాది" అనేవాడు. ఇంగ్లీషు నాకు రాదు కాబట్టి ఆ మాటలో సగమే నిజం.

ఆడవాళ్ళకు, ఆడపిల్లలకు అక్కరకొచ్చే చిన్న చిన్న పనుల కోసం గ్రాంట్లు ఇచ్చే సంస్థలు బెంగళూరు, హైదరాబాదు లాంటి ఊళ్ళలో ఉంటాయి. మా దిక్కు మహిళా సంఘాలు వాటికి దరఖాస్తు పెట్టుకోవాలి. మా కష్టం ఇది, ఇది చేస్తే తీరుతుంది, మీరు సాయం చేయండి అని రాయాలి. వాళ్ళకు నచ్చితే ఒక మనిషిని పంపి చూసి రమ్మంటారు. ఆ మనిషి చెప్పినదాన్ని బట్టి ఇస్తారు, లేదా మర్యాదగా కుదరదంటారు. ఆదోనిలో ఒక చిన్న సంఘంలో కూర్చుని, ఆదోని, ఎమ్మిగనూరు, ఆస్పరి చుట్టుపక్కల ఊళ్ళ కోసం ఆ దరఖాస్తులు తయారు చేయడమే నా పని. మోకాళ్ళు ఇక బస్సులెక్కలేమని మొండికేసేదాకా చేశాను.

ఇప్పుడు నా కుర్చీలో డిగ్రీలు చదివిన ఇద్దరు అమ్మాయిలు కూర్చుంటున్నారు. ఒక కుర్చీలో ఇద్దరెట్లా అంటారేమో, అది నా కొలతకు చేయించిన కుర్చీ. వాళ్ళు అడిగితే ఇది రాస్తున్నాను. ఫారం ఎట్లా నింపాలో ఇందులో ఉండదు. అది వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. ఫారం నింపాక ఏమవుతుందో మాత్రం రాస్తాను.

ఆచారి సారు

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. మానేశాను అంటే నేనేదో ఆలోచించి నిర్ణయం తీసుకున్నట్టుంది. ఒక రోజు మా అమ్మ పత్తిమిల్లుకు పోతూ పోతూ నా చేయి కూడా పట్టుకుని పోయింది. అంతే. మిల్లులో పత్తి ఏరుతుంటే దూదిపీచు తలకు పట్టి సాయంత్రానికి ముసలిదాన్ని అయ్యేదాన్ని. ఇంటికొచ్చి స్నానం చేస్తే మళ్ళీ చిన్నపిల్లను. ఆ ఆట చాలా ఏళ్ళు ఆడాను.

మిల్లు ఆడవాళ్ళ కోసం సంఘం వాళ్ళు పెట్టిన ఒక మీటింగులో నేను ఊరికే ఉండలేక ఏదో అన్నాను, అందరూ నవ్వారు. నవ్వాక, అప్పటిదాకా నోరు విప్పని ఆడవాళ్ళు మాట్లాడారు. అది గమనించిన మనిషి సంఘం కార్యదర్శి ప్రాణేశాచారి సారు. మంత్రాలయం దగ్గర గుడి సేవలో ఉన్న కుటుంబం వాళ్ళది. ఆయన మాత్రం బడిపంతులై, రిటైరయ్యాక ఈ సంఘంలో కూర్చున్నాడు. నన్ను పిలిచి పని ఇచ్చాడు. ఆడవాళ్ళ సంఘానికి మగ కార్యదర్శి ఏమిటని నేను మొదటి వారమే అడిగాను.

"మీలో ఎవరైనా ఇంగ్లీషులో రాయగలిగిన రోజు నేను లేచిపోతానమ్మా" అన్నాడు.

"ఈ వయసులో లేచిపోవడమేంది సార్, మీ ఇంట్లో అమ్మగారు ఏమనుకుంటుంది?" అన్నాను.

అర్థం కావడానికి ఆయనకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు.

ఆయనకొక పద్ధతి ఉండేది, అది ఇప్పటికీ మన ఆఫీసులో ఉండాలని నా కోరిక. దరఖాస్తు పంపేముందు, అందులో ఎవరి కష్టం రాశామో ఆ మనిషి ఇంటికి పోయి, తెలుగులో చదివి వినిపించాలి. విని ఆమె తల ఊపితేనే పంపాలి. ఒక మాటకు ఆమె ముఖం తిప్పుకుంటే ఆ మాట కొట్టేయాలి. ఆ చదివే పని నాది. నేను ఊళ్ళు తిరిగి విన్నది తెలుగులో చెప్తే, ఆయన ఇంగ్లీషులో రాసేవాడు. అది మళ్ళీ తెలుగు చేసి నా చేతికిస్తే నేను ఊరికి మోసుకుపోయేదాన్ని. ఒక ఆడమనిషి తన కథ తాను వింటూ చేట కింద పెట్టేసి కూర్చుండిపోవడం చాలాసార్లు చూశాను. ఇంకెవరిదో కష్టం వింటున్నట్టు "అయ్యో పాపం" అనేవాళ్ళు.

"ఏయ్, అది నువ్వే" అనేదాన్ని.

"నేనేనా? కాగితంలో ఇంకా పాపం ఉండానే!"

ఎమ్మిగనూరు కుట్టుమిషన్లు

జొన్నగిరి దిక్కు తొలకరి వానలు పడగానే వజ్రాల కోసం జనం చేలల్లో తల వంచుకుని నడుస్తారు కదా, గ్రాంట్లు వెతకడం అట్లాంటిదే. ఎవరికో ఒకరికి దొరుకుతుంది. మిగతా అందరికీ నడుంనొప్పి దొరుకుతుంది. ఆ తొందరలో, మనకేం కావాలో మరిచిపోయి వాళ్ళేం ఇస్తారో అదే అడగడం మొదలుపెడతాం.

ఎమ్మిగనూరులో నేతపని ఇళ్ళ ఆడవాళ్ళు కొందరు ఒక షెడ్డులో కూర్చుని నూలు కండెలు చుట్టేవాళ్ళు. పొద్దున వస్తే సాయంత్రం దాకా పని. ఆ షెడ్డుకు మరుగుదొడ్డి లేదు. వాళ్ళు పొద్దున నుంచి నీళ్ళు తాగేవాళ్ళు కాదు, అంతే. వాళ్ళడిగింది ఒక దొడ్డి. ఆ ఏడాది సంస్థలన్నీ కుట్టుమిషన్ల మీద మోజుగా ఉన్నాయి. దొడ్డి అని రాస్తే ఒక సంస్థ నుంచి జవాబొచ్చింది, ఇది సాధికారత కిందికి రాదు అని. సంఘంలో పెద్ద గొడవ. మా మీటింగులు కైరుప్పల పిడకల పండగ లాంటివి, అందరూ అందరినీ కొట్టి, అయ్యాక కలిసి ఇంటికి పోతాం. చివరికి కుట్టుమిషన్లే అడిగాం. వచ్చాయి.

సంస్థ సారు వచ్చి మిషన్లు ఇచ్చిన రోజు ఒక ముసలామె నన్ను పక్కకు పిలిచింది. "మాబున్నీ, ఆ సారు మాటిమాటికీ సాధికారత అంటాండాడు. అది మిషను లోపల ఉంటాదా, ఇడిగా తెచ్చుకోవాల్నా?"

"ఇడిగా తెచ్చుకోవాలవ్వా" అన్నాను.

"అయితే దొడ్డి గూడా ఇడిగానే తెచ్చుకోవాల్నా?"

నవ్వాను. ఆమె కూడా నవ్వింది. కొన్నాళ్ళ తర్వాత పోతే ఒక ఇంట్లో మిషను మీద టీవీ పెట్టుకున్నారు, ఇంకో ఇంట్లో దుప్పట్లు. షెడ్డులో ఆడవాళ్ళు అప్పటికీ పొద్దున నుంచి నీళ్ళు తాగట్లేదు. అందులో నవ్వడానికి ఏముందో ఇప్పుడు నాకు తెలియదు.

సుగ్గి

పడమటి కర్నూలులో పుట్టినవాళ్ళకు ఇది చెప్పక్కరలేదు. చదివే అమ్మాయిల్లో ఒకరు కడప పిల్ల, ఆమె కోసం చెప్తాను. దీపావళి దాటితే మా ఊళ్ళలో పని ఉండదు. కుటుంబాలు మూటలు కట్టుకుని గుంటూరు దిక్కు పోతాయి, మొదట పత్తి తీయడానికి, తర్వాత మిరపకాయలు కోయడానికి. ఉగాదికి తిరిగొస్తాయి. దాన్ని సుగ్గి అంటాం. కూలీలను కుదిర్చే మేస్త్రీ ముందే మాట్లాడి పెడతాడు, లారీ వస్తుంది, పొయ్యి కోడి పిల్లాజెల్లా అందరూ ఎక్కుతారు. ఊరు ఊరంతా తాళాలు.

అక్కడ చేలగట్ల మీద టార్పాలిన్ పట్టాలు కట్టుకుని పడుకుంటారు. పిల్లలూ కోస్తారు. మిరపకాయలు కోసిన చేత్తో కన్ను తుడుచుకుంటే ప్రాణం పోయినంత పనవుతుంది. అందుకని కన్నీళ్ళొచ్చినా చెమటొచ్చినా మణికట్టు వెనకవైపుతో తుడుచుకోవడం అలవాటవుతుంది. ఉగాదికి ఊరొచ్చిన పిల్లలు ముక్కు తుడుచుకోవడానికి కూడా మణికట్టే లేపుతారు. ఎవరు సుగ్గికి పోయారో ఎవరినీ అడగక్కరలేదు.

అడగకూడదు కూడా. ముఖ్యంగా ఆడపిల్లల సంగతి. ఈడేరిన పిల్లను ఖాళీ ఊళ్ళో ఒంటరిగా వదిలి పోలేరు, అందుకని తీసుకుపోతారు. తీసుకుపోయామని నలుగురిలో చెప్పుకోలేరు, ఎందుకంటే పిల్ల పరాయి చేలల్లో పట్టాల కింద పడుకుంది అని రేపు పెళ్ళిమాటల్లో అంటారు. అందుకని మా ఊళ్ళకు ఒక మర్యాద ఉంది. పిల్ల ఏదని ఎవరైనా అడిగితే "అవ్వ కాడ ఉంటాది" అంటారు. అడిగినవాళ్ళు "అట్లనా" అంటారు. ఆ అవ్వ ఏ ఊళ్ళో ఉందని ఎవరూ అడగరు. అసలు ఉందా అని అసలే అడగరు.

ఉరుకుందమ్మ

ఆస్పరి దాటినాక ఒక ఊరు. పేరెందుకులెండి. ఆ ఊళ్ళో ఈరమ్మ అని ఒక ఆమె, ఆమె పెద్దకూతురు ఉరుకుందమ్మ, ఎనిమిదో తరగతి. చిన్నది రేణుక, అప్పటికి చంకదిగని పిల్ల. ఉరుకుందమ్మ నాకంటే పెద్ద కొంటెది. నేను బస్సు దిగి వస్తుంటే నా వెనకాలే నా నడక నడిచేది, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, ఆయాసపడుతూ. ఊరంతా నవ్వుతుంటే ఎందుకో నాకు తెలిసేది కాదు. ఒకసారి ఠక్కున వెనక్కి తిరిగి పట్టుకున్నాను.

"ఏం చేస్తాండావే?"

"మీ నీడ కింద నడుస్తాండా పెద్దమ్మా. ఎండకు బాగుండాది."

చదువులోనూ అంతే చురుకు. సుగ్గి నుంచి వచ్చి, తోటి పిల్లల పుస్తకాలు ఇప్పించుకుని, పోయిన పాఠాలన్నీ అందుకునేది. ప్రతి ఏడూ అందుకోవడం కొంచెం కష్టమవుతోంది. "ఈ తూరి గూడా పోతే తొమ్మిది దాటలేను పెద్దమ్మా" అని ఆమే ఒకసారి నాతో అంది. ఆ ఒక్కసారీ నవ్వకుండా అంది.

అప్పుడే మేము ఆస్పరిలో బడి దగ్గర ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, సుగ్గి నెలల్లో ఆడపిల్లలు అక్కడుండి చదువుకునేట్టు చేయాలని దరఖాస్తు రాశాం. తిండి, పడక, రాత్రిపూట తోడుండే ఒక ఆడమనిషి. అందులో ఈరమ్మ ఇంటి సంగతి ఉంది. నేను పోయి చదివి వినిపించాను. ఈరమ్మ పొయ్యి ముందు కూర్చుని అంతా విని, ముఖం తిప్పుకోకుండా తల ఊపింది.

"ఇదంతా నిజమే అక్కా. పంపించు. ఆ ఇల్లొస్తే నా బిడ్డను ఈ ఏడే దింపి పోతా."

దరఖాస్తు వాళ్ళకు నచ్చింది. చూడ్డానికి మనిషిని పంపుతామన్నారు. దీపావళికి ముందే, లారీలు రాకముందే వస్తామన్నారు. ఎగిరి గంతేసినంత పనిచేశాం. నా ఒంటికి అది ఎంత పనో ఆలోచించండి.

ఉగ్గాని పెట్టిన రోజు

వచ్చిన మేడం చిన్నవయసు మనిషి. తెలుగు మనిషే, హైదరాబాదులో చదివి బెంగళూరులో పనిచేస్తోంది. మంచిది. ఆమెను తిట్టుకోవడానికి ఈ రోజుకీ నాకు కారణం దొరకలేదు. వెతకక కాదు. "సంఘం వాళ్ళు రాసింది చదివాను. ఈ రోజు మాత్రం ఆడవాళ్ళు చెప్పేదే నేరుగా వింటాను" అని కారులోనే చెప్పింది. ఆచారి సారు "అదే న్యాయం" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

ఊరు బడి ఆవరణలో కూర్చుంది. ఊళ్ళోకి చుట్టం వస్తే ఎట్లా ఉండాలో అట్లా ఉంది ఊరు. వాకిళ్ళు అలికారు, ముగ్గులు వేశారు. ఉన్నదాంట్లో మంచి చీరలు కట్టారు, లేనివాళ్ళు పక్కింట్లో అడిగి కట్టారు. బొరుగులతో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేశారు. హెడ్మాస్టరు కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చున్నాడు. ఊరి పెద్దలు గోడవార నిలబడ్డారు. మేస్త్రీ కూడా వచ్చి గేటు దగ్గర మోటారుసైకిలు మీద కూర్చుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.

మేడం బజ్జీ కొరికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మా కష్టాలు ఇంకా సెప్పనే ల్యా మేడం, అప్పుడే ఏడుస్తాండారు!" అన్నాను.

అందరూ పడి పడి నవ్వారు. మేడం కూడా నవ్వింది. పని అయిపోయినట్టే అనిపించింది నాకు. నవ్వితే నోళ్ళు తెరుచుకుంటాయి కదా, నా చేతిలో ఉన్న విద్య అదొక్కటే.

మేడం నీళ్ళు తాగి, మొదటి వరసలో ఉన్న ఈరమ్మ వైపు తిరిగింది. "అమ్మా, మీరు సుగ్గికి వెళ్ళేటప్పుడు పాపను ఏం చేస్తారు? మీతో తీసుకెళ్తారా?"

ఈరమ్మ కొంగు సర్దుకుంది. హెడ్మాస్టరు వైపు చూడలేదు, గేటు వైపు చూడలేదు. చూడకుండా ఉండడం కూడా కనపడుతుంది.

"మా పాప యాడికీ రాదు మేడం. అవ్వ కాడ ఉంటాది. బడికి పోతాది."

పక్కనామె అందుకుంది. "మాదీ అంతే మేడం. అవ్వ కాడే."

"మా పాప గూడా."

"మా అత్త ఉండాది గదా మేడం, ఆమె సూసుకుంటాది."

వరసగా వాళ్ళ మాటల్లో అవ్వలు లేచారు. ఆ ఊళ్ళో బతికున్న అవ్వలు సగం మంది సుగ్గికి పోయేవాళ్ళే, అక్కడ వంట వండడానికి. మిగతావాళ్ళు మట్టిలో ఉన్నారు. ఈరమ్మ తల్లీ అత్తా ఇద్దరూ పోయి చానా ఏళ్ళయింది. అత్త పోయినప్పుడు నేనే ఆ ఇంటికి పోయి కూర్చుని వచ్చాను.

"అంటే అమ్మమ్మలూ నానమ్మలూ చూసుకుంటారన్నమాట" అంది మేడం, నిజంగా సంతోషపడి. "చాలా మంచి పద్ధతి."

నేను లేచి నిలబడ్డాను. "మేడం, ఈ అవ్వల సంగతి నేను సెప్తా..."

ఈరమ్మ గిరుక్కున తిరిగింది. ఎన్నడూ నాతో అట్లా మాట్లాడిన మనిషి కాదు. "మాబున్నక్కా! నా బిడ్డ సంగతి నాకి తెలీదా, నీకి తెలుసునా? కూకో!"

మేడం నా చేయి మెల్లగా తాకి, "అక్కా, వాళ్ళను చెప్పనిద్దాం" అంది. ఆమె పద్ధతి ప్రకారం అది సరైన మాటే. ఆచారి సారు వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

మేడం చివరికి ఉరుకుందమ్మను దగ్గరకు పిలిచింది. "నువ్వు చెప్పు పాపా. అవ్వ దగ్గర బాగుంటుందా?"

ఉరుకుందమ్మ అమ్మ వైపు చూసింది. నా వైపు చూసింది. ఆ చూపులో కొంటెతనం వెతుక్కున్నాను, కనపడలేదు.

"బాగుంటాది మేడం."

"అవ్వ ఏం వండి పెడుతుంది?"

"జొన్నరొట్టె. పుంటికూర." వేళ్ళతో గిల్లి చూపిస్తూ, "రొట్టె కాల్చినాక మాడిన కాడ గిల్లేసి ఇస్తాది" అంది.

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. అవ్వ బతికున్నప్పుడు పెట్టిందే చెప్పింది.

మేడం కారెక్కినాక ఈరమ్మ నా దగ్గరకొచ్చింది. కళ్ళెత్తి చూడట్లేదు. "తప్పు పట్టొద్దక్కా. అంత మందిలో ఎట్ల సెప్పేది? ఈడేరిన బిడ్డ. ఆ హెడ్మాస్టరేమో మొన్న పిల్లోల్లను తీసకపోతే కేసు పెడతారన్యాడు. మేస్త్రీ ఆడే కూకోనుండాడు, వానికి ఊర్లన్నీ సుట్టాలే."

"కాగితం చదివినప్పుడు ఒప్పుకుంటివి గదా ఈరమ్మా!"

"అది మా ఇంట్లో గదా అక్కా." ఆ తర్వాత కొంచెం ఆశగా, "బాగా తిన్యాది గదా ఆయమ్మ. ఇస్తారులే. ఇయ్యరా?" అంది.

సారు రాయనన్న జవాబు

లేదని వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. ఆడపిల్లలను ఇంటి పెద్దలు బాధ్యతగా చూసుకుంటున్నారు, అవసరం ఎక్కువగా ఉన్న వేరే చోటికి ఈ సాయం పోవడం న్యాయం అని.

నేను ఆఫీసులో ఎగిరాను. "తిరిగి రాయండి సార్! ఆ అవ్వలంతా సచ్చిపోయినారని రాయండి!"

"ఏమని రాయాలి మాబున్నీ? తల్లి అబద్ధం చెప్పిందని నేను సంతకం పెట్టాలా?"

"అబద్ధమే గదా!"

"ఆ కాగితం రేపు ఎవరి చేతికి పోతుందో నీకు తెలుసా? హెడ్మాస్టరు కేసు అన్నాడు. మనం రాసిస్తే ఆమె మీదకే వస్తుంది. వాళ్ళు విన్నది వాళ్ళు రాశారు. తల్లి మాట మీద నేను మాట రాయను."

"మరి పిల్ల సంగతి?"

ఆయన పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజంతా మళ్ళీ తీయలేదు. ఆయన చేసింది తప్పని నేను అప్పుడు అన్నాను, ఆ తర్వాత కూడా చాలాసార్లు అన్నాను. ఒక్కోసారి ఒప్పే అనిపిస్తుంది. ఇప్పుడు మనిషి లేడు. మా గొడవ మాత్రం అట్లాగే ఉంది, దాన్ని ఒక్కదాన్నే పోట్లాడుకుంటున్నాను.

దీపావళి అయ్యాక లారీ వచ్చింది. ఆ రోజు నేను ఆ ఊరు పోయాను, ఏం చేయడానికో నాకే తెలియదు. ఉరుకుందమ్మ గిన్నెల మూట మీద కూర్చుని ఉంది, ఒళ్ళో రేణుక. కాళ్ళ దగ్గర బడి సంచి. చదువుకుంటావా అక్కడ అని అడిగాను. "పుస్తకాలు కావు పెద్దమ్మా, గుడ్డలు" అంది. లారీ కదిలాక నా నడక చేసి చూపిస్తుందేమో అని కాసేపు నిలబడ్డాను. కూర్చుని ఎట్లా చూపిస్తుంది, నా పిచ్చి కాకపోతే.

ఉగాదికి వచ్చింది. పరీక్షలు దగ్గరకొచ్చేశాయి. ఈసారి ఎవరి పుస్తకాలూ అడగలేదు. తర్వాతి సుగ్గి నాటికి మేస్త్రీ ఆమెను పెద్దవాళ్ళ లెక్కలో రాసుకున్నాడు.

పిల్లలకు చెప్పేది

ఈ పనిలో నాకు తెలిసింది ఇంతే. దరఖాస్తులో ఎంత నిజం రాసినా, చూడ్డానికి వచ్చే మనిషి ముందు ఆ నిజం రెండోసారి పలకాలి. అది ఎక్కడ పలుకుతుందో, ఎవరెవరుంటే పలకదో మీరు ముందే ఆలోచించుకోవాలి. ఆడవాళ్ళను నేరుగా అడగాలన్నది మంచి మాటే. నలుగురిలో అడిగితే నలుగురికీ సరిపోయే జవాబే చెప్తారు. అది వాళ్ళ తప్పు కాదు, మర్యాద తెలిసిన మనుషులు వాళ్ళు. కష్టం చూపించాల్సిన రోజు వాకిలి అలికి ముగ్గు వేసే ఊరు మాది. ముగ్గు వేయొద్దని వాళ్ళకు చెప్పకండి. వచ్చేవాళ్ళను ఇంకో రోజు, ఇంకో చోటుకు తీసుకుపోండి.

ఆ రోజు ఈరమ్మ చెప్పిన "అది మా ఇంట్లో గదా" అన్న మాట నా చెవిలో ఉండిపోయింది. ఇంకో సంస్థ దొరకడానికి మరికొన్ని సుగ్గులు గడిచాయి. ఆ సంస్థ మేడంకు ముందే చెప్పాను, బడి వద్దు, కుర్చీలు వద్దు, మగవాళ్ళు ఉన్నచోట వద్దు అని. ఈరమ్మ ఇంట్లో ఆమెను కూర్చోబెట్టి, ముందర జొన్నలు పోసి, ఏరమన్నాం. ఇంకో నలుగురు ఆడవాళ్ళొచ్చి ఏరుతూ కూర్చున్నారు. పిల్లల్ని తీసుకెళ్తారా అని ఆమె అడగలేదు. మిరపకాయలు కోసినాక చేతుల మంటకు ఏం పెట్టుకుంటారని అడిగింది. వెన్న అని ఒకరు, మజ్జిగ అని ఒకరు, బురద అని ఇంకొకరు. "పిల్లోల్లకైతే మజ్జిగే మేడం, వెన్న పెడితే నాకేస్తారు" అంది ఈరమ్మ. అని, జొన్నల మీద చెయ్యి ఆపేసింది. మిగతావాళ్ళు ఏరుతూనే ఉన్నారు. కాసేపటికి ఆమే తల వంచుకుని మొదలుపెట్టింది, మొదటి నుంచీ, ఉరుకుందమ్మను చేయి పట్టుకుని లారీ ఎక్కించిన మొదటి ఏడు నుంచీ.

అవ్వ ఇల్లు

ఆస్పరిలో ఇల్లు తెరిచాం. బోర్డు మీద పెద్ద పేరు ఉంది, సాధికారత కూడా అందులో ఎక్కడో ఉంది. ఆ పేరుతో ఎవరూ పిలవరు. ఊళ్ళ ఆడవాళ్ళు దానికి అవ్వ ఇల్లు అని పేరు పెట్టారు. ఇప్పుడు పిల్ల ఏదని ఎవరు అడిగినా "అవ్వ కాడ ఉంటాది" అని తలెత్తి చెప్తారు. ఆచారి సారు ఉండి ఉంటే ఆ మాట మీద సంతకం పెట్టేవాడు.

మొదటి ఏడాది పిల్లల్ని దింపడానికి వచ్చిన రోజు నేను గుమ్మంలోనే కూర్చున్నాను. రేణుకను తీసుకుని ఉరుకుందమ్మ వచ్చింది. ఆమె బాగా ఎదిగిపోయింది. ఈరమ్మ ఏదని అడిగితే, ఊళ్ళో మూటలు కడతాందని చెప్పింది. రేపే లారీ.

ఉరుకుందమ్మ ఇల్లంతా తిరిగి చూసింది. కొళాయి తిప్పి చూసి కట్టేసింది. పరుపు మీద అరచెయ్యి పెట్టి అదిమింది. వంటగదిలోకి పోయి, రొట్టెలు కాలుస్తున్న ఆమె పక్కన కొంచెం సేపు నిలబడింది. పుస్తకాల కోసం గోడకు కొట్టించిన గూళ్ళ దగ్గర ఇంకొంచెం ఎక్కువ సేపు నిలబడింది. తర్వాత నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని, ఆయాసపడుతూ, నా నడక నడుచుకుంటూ నా దగ్గరకు వచ్చింది.

"మా అవ్వకి ఇంత పెద్ద ఇల్లుందని నాకి ఎవురూ సెప్పల్యా పెద్దమ్మా" అంది.

నేను లేచి రేణుక చేతిలోని సంచి అందుకున్నాను.

రేణుక అక్క కొంగు పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. ఉరుకుందమ్మ వంగి, వేళ్ళు దూరంగా పెట్టి, మణికట్టు వెనకవైపుతో చెల్లెలి కళ్ళు తుడిచింది.

ఆ ఏడాది సుగ్గి ఇంకా మొదలు కాలేదు. ఆమె చేతులకు కారం లేదు.